లిఫ్టు కింద ఎవరూ లేరని

అద్దె ఇంట్లో దిగిన కొత్తలో నేను చేసిన మొదటి పని స్విచ్చులన్నిటికీ చిన్న చిన్న కాగితాలు అంటించడం. బాత్రూమ్ పక్కనున్న బోర్డు మీద ఏ స్విచ్చు దేనిదో ఇల్లుగలాయనకే తెలియదు. ఒకటి నొక్కితే వంటింట్లో దీపం వెలుగుతుంది, ఇంకొకటి నొక్కితే పక్కవాళ్ల కాలింగ్ బెల్లు మోగుతుంది. ‘ఫ్యాను. మూడు దాటితే కీచుమంటుంది’ అనీ, ‘ఇది దేనిదీ కాదు, నమ్మొద్దు’ అనీ ముచ్చటగా రాసి అంటించాను. సాయంత్రం మా ఆయన ఒక్కొక్కటీ చదువుకుంటూ ఇల్లంతా తిరిగాడు. చివరికి ఖాళీ కాగితం ఒకటి నా నుదుటి మీద అంటించి, దీనికేం రాయాలో తనకింకా తెలియలేదన్నాడు.

పెళ్లయిన కొత్త కదా, నాకు ప్రతిదీ సంబరమే. గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడితే సంబరం. నలుగురిలో ఒకరినొకరం ‘మీరు’ అని, గడప దాటి లోపలికి రాగానే ‘నువ్వు’ అనడం సంబరం. ఎంత ఉతికినా అతని చొక్కాల నుంచి గ్రీజు వాసన పోదు. ఆ వాసన కోసమే నేను బట్టలు మడతపెట్టే పని అతనికి ఇచ్చేదాన్ని కాదు.

అతను లిఫ్టులు బాగుచేస్తాడు. డిప్లొమా చదివి, మేస్త్రి అని అందరూ పిలిచే పెద్ద మెకానిక్ దగ్గర పని నేర్చుకున్నాడు. నేను అదే కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. మా సంబంధం కుదిర్చింది కూడా మేస్త్రే. ‘వీడు పొద్దస్తమానం పైకీ కిందికీ తిరుగుతుంటాడు, నువ్వు ఒక్కచోటే కూర్చునుంటావు, ఎక్కడో ఒక అంతస్తులో కలుసుకోకపోతారా’ అని పెళ్లిచూపుల్లోనే అందరినీ నవ్వించాడు. అప్పటి నుంచి నన్ను ‘కోడలు పిల్లా’ అనేవాడు.

నా ఉద్యోగం గురించి చెబితే బంధువులకు ఎవరికీ అర్థం కాదు. లిఫ్టు ఆగిపోయిందని అపార్టుమెంట్లవాళ్లు పంపే ఫిర్యాదులు చూసుకోవడానికి మా కంపెనీ ఒక ఏఐ ఏజెంటును తయారు చేస్తోంది. దానికి చేతులు లేవు. చేతులకు బదులు టూల్సు ఉంటాయి. ఒక టూలు లిఫ్టును ఆఫీసు నుంచే తిరిగి నడిపి కింది అంతస్తుకు దింపుతుంది. ఇంకొకటి మెకానిక్‌కి ఫోన్ చేస్తుంది. మరొకటి ఆ లిఫ్టు దగ్గర ఎవరైనా పనిలో ఉన్నారా లేదా అని చెబుతుంది. టూల్సు కట్టేది మా ఆఫీసులో ఒక అమ్మాయి, నన్ను అక్కా అంటుంది. ఏ టూలు ఏం చేస్తుంది, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, అది ఇచ్చే జవాబుకి అర్థం ఏమిటి అన్నది ఏజెంటుకు అర్థమయ్యేలా రాసిపెట్టడం నా పని. నేను రాసింది చదివే అది టూలును ఎంచుకుంటుంది. అంతకుమించి దానికి ఆ లిఫ్టు గురించి ఏమీ తెలియదు.

ఆఫీసులో ఆ ఏజెంటుకు ‘కొత్త కోడలు’ అని పేరు పెట్టారు. ఇంట్లో ఏది ఎక్కడుందో తెలియదు, అడగడానికి మొహమాటం, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. నన్ను చూసి ‘ఒకేసారి ఇద్దరు కొత్త కోడళ్లు’ అని ఏడిపించేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నిజానికి నాకు దాని మీద తోటికోడలి మీద ఉండే మమకారం లాంటిదే ఏర్పడింది.

ఒకరోజు పాత ఫిర్యాదులన్నీ దానికి ఇచ్చి పరీక్ష పెట్టారు. లిఫ్టులేవీ నిజంగా కదలవు. అప్పటి పరిస్థితిలో ఏం చేసేదో చెబితే చాలు. ఫలితాలు గోడ మీద తెర నిండా పచ్చగా వచ్చాయి. మా మేనేజరు, గడియారం సారు, జీవితంలో మొదటిసారి చేతి వాచీ చూసుకోకుండా ఐదు నిమిషాలు నిలబడ్డాడు. ఒక్క తప్పూ లేదన్నాడు. వచ్చే ఆదివారం నుంచి నిజం లిఫ్టుల మీద పెడదామన్నాడు.

అందరూ వెళ్లిపోయాక నేను ఆ జవాబులు ఒక్కొక్కటే చదువుతూ కూర్చున్నాను. పనేం లేదు, నా వాక్యం దానికి అర్థమైందన్న మురిపెం, అంతే. అలా చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాను. నీలం గేటు ఉన్న అపార్టుమెంటు. లిఫ్టు ఆగి ఉందని ఫిర్యాదు. ఏజెంటు పని స్థితి చెప్పే టూలును అడిగింది. ‘పనిలో ఎవరూ లేరు’ అని వచ్చింది. లిఫ్టును తిరిగి నడిపి కిందికి దింపుతానంది. జవాబు సరైనదని పచ్చ గుర్తు.

ఆ రోజు నాకు బాగా గుర్తు, మా ఆయన అక్కడికి నెలవారీ సర్వీసుకు వెళ్లాడు. లిఫ్టు దారికి అడుగున గొయ్యి ఉంటుంది, మెకానిక్‌లు దాన్ని పిట్ అంటారు. అందులో ఎప్పుడో పిల్లలు పడేసుకున్న పసుపు బంతి ఒకటి దొరికిందని మా ఆయన ఫోటో తీసి పంపాడు. బంతి పక్కన తన బూట్లు కూడా పడ్డాయి. ఆ బూట్లనే చూసుకుని ఆఫీసులో ఎంతసేపు నవ్వుకున్నానో. ఫోన్ తీసి ఆ ఫోటో వచ్చిన సమయం చూశాను. ఫిర్యాదు సమయం చూశాను. రెండూ ఒకటే.

పనిలో ఎవరూ లేరన్న లిఫ్టు కింద మా ఆయన ఉన్నాడు.

టూలులో తప్పేం లేదు. మెకానిక్ తన ఫోన్‌లో ‘వచ్చాను’ అని నొక్కితే ‘పనిలో ఉన్నాడు’ అంటుంది, ‘అయిపోయింది’ అని నొక్కితే ‘లేడు’ అంటుంది. కానీ ‘వచ్చాను’ అని నొక్కగానే గడియారం సారు పెట్టిన లెక్క మొదలవుతుంది. ఇచ్చిన సమయం దాటితే పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. అందుకని మెకానిక్‌లు ఎవరూ వచ్చినప్పుడు నొక్కరు. పనంతా అయ్యి, చేతులు కడుక్కున్నాక రెండూ వెంటవెంటనే నొక్కేస్తారు. ఈ సంగతి పెళ్లయిన కొత్తలో దిండు మీద తల పెట్టుకుని మా ఆయనే నవ్వుతూ చెప్పాడు. మా కంపెనీ అంత తొందరగా లిఫ్టులు బాగుచేసేవాళ్లు ఇంకెక్కడా లేరని ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఇంటికి వెళ్లేసరికి అతను బాల్కనీలో బట్టలు తీస్తున్నాడు. ఫోన్ చేతికిచ్చి, రెండు సమయాలూ చూపించి, సంగతి చెప్పాను. పళ్ల మధ్య పెట్టుకున్న క్లిప్పు తీసి, పిట్‌లో ఎర్ర మీట ఉంటుందనీ, అది నొక్కి ఉంచితే ఎవరు ఎక్కడి నుంచి నడిపినా లిఫ్టు కదలదనీ అన్నాడు. ఆ రోజు నొక్కే ఉంచావా అని అడిగాను. అతను చొక్కా మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ పెట్టాడు. ఏదో కీచుమంటుంటే ఎక్కడి నుంచి వస్తుందో వినడానికి కాసేపు వదిలానన్నాడు.

“నేను రాయాలి,” అన్నాను.

“ఏమని?”

“ఎవరూ లేరని ఆ టూలు చెప్పినా లోపల మనిషి ఉండొచ్చని.”

“నీకెలా తెలుసని అడుగుతారు.”

“అడుగుతారు.”

“అప్పుడు నా ఒక్కడితో ఆగదు. మేస్త్రికి ఇప్పటికే రెండు ఎర్ర గుర్తులున్నాయి. మూడోది పడితే ఇంటికి పంపేస్తారు. ఈ వయసులో ఆయనకి ఇంకెవరిస్తారు పని?” తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు, “మన గదిలో నేను నీకు చెప్పిన మాటని ఆఫీసులో అచ్చేస్తావా?”

మళ్లీ తనే, తెలివైనదానివి కదా, ఎవరికీ దెబ్బ తగలకుండా వేరేలా రాయలేవా అన్నాడు. వెక్కిరింపు అనుకుని ఉక్రోషపడ్డాను కానీ, మర్నాడు ఆఫీసులో ఆ ప్రయత్నమే చేశాను. ‘ఈ టూలును జాగ్రత్తగా వాడాలి’ అని ఒక వాక్యం చేర్చాను. ఎవరి పేరూ లేదు, ఎవరి అలవాటూ లేదు, ఎంతో మర్యాదైన వాక్యం. చేర్చి, నీలం గేటు ఫిర్యాదు మళ్లీ ఇచ్చాను.

కొత్త కోడలు నిజంగానే జాగ్రత్తపడింది. ఎవరైనా ఉన్నారా అని పని స్థితి టూలును ఒకసారి అడిగే బదులు మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఎవరూ లేరనే వచ్చింది. అప్పుడు, తగిన జాగ్రత్త తీసుకున్నానని చెప్పి, లిఫ్టును కిందికి దింపింది.

మనిషైతే ‘జాగ్రత్త’ అన్న మాట చదివి, ఎందుకలా రాశారని పక్కవాణ్ని అడుగుతాడు. కిటికీలోంచి తొంగి చూస్తాడు. దీనికి కిటికీ లేదు. నేను దాచిపెట్టిన విషయం దానికి ఇంకెక్కడి నుంచీ రాదు.

మధ్యాహ్నం ఆ వాక్యం కొట్టేసి ఇలా రాశాను: ‘మెకానిక్ ఎప్పుడు బటన్ నొక్కాడో ఈ టూలు చెబుతుంది. మనిషి అక్కడ ఉన్నాడో లేదో దీనికి తెలియదు. చాలామంది పని అయ్యాకే నొక్కుతారు. కాబట్టి ఎవరూ లేరని వచ్చినా ఖాళీగా ఉందని అనుకోవద్దు. లిఫ్టును నడిపే ముందు ఆ ప్రాంతం మెకానిక్‌లకు ఫోన్ చేసి, లోపల గానీ పైన గానీ కింద గానీ ఎవరూ లేరని ప్రతి ఒక్కరి నోటితో వినాలి. ఒక్కరు ఎత్తకపోయినా లిఫ్టును కదపొద్దు.’

మా ఆఫీసులో పద్ధతి ఏమిటంటే, రాసిన ప్రతి వాక్యానికీ ఆధారం చూపించాలి. టూల్సు కట్టిన అమ్మాయి ఆ పేరా చదివి, ఆధారం ఏదక్కా అంది. గడియారం సారును పిలిచింది. ఆయన చెడ్డవాడు కాడు. కుర్చీ లాక్కుని ఓపిగ్గానే మాట్లాడాడు. ఇలా రాస్తే ప్రతిసారీ ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి, ఈలోగా సామాన్లు మోసుకుంటూ జనం మెట్లెక్కుతుంటారు, రికార్డులు చూస్తే అందరూ రాగానే నొక్కుతున్నట్టే ఉంది, మరి నువ్వు ఏం చూసి రాశావమ్మా అన్నాడు.

ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు. బంతి, సిమెంటు గోడ, ఇనప స్ప్రింగు, చివరికి బూట్లు.

“ఇవి ఎవరివి?”

“మా ఆయనవి సార్.”

ఆ అమ్మాయి తల దించుకుని తన ఉంగరం తిప్పుకుంటూ ఉండిపోయింది. మిగతావాళ్లు కూడా ఇంతేనా అని సారు అడిగాడు. మిగతావాళ్ల ఫోటోలు నా దగ్గర లేవన్నాను. ఆయన నన్ను ఇంకా చూస్తూనే ఉన్నాడు. నేనూ చూశాను. ఏడుపు మాత్రం ఆఫీసు బాత్రూమ్‌లోకి వెళ్లాకే వచ్చింది.

వాక్యాలు ఉండిపోయాయి. విచారణ అయ్యేదాకా మా ఆయన్ని పనికి రావద్దన్నారు. ఇక మీదట వచ్చీ రాగానే బటన్ నొక్కాలనీ, నొక్కకుండా పనిలో దొరికితే ఎర్ర గుర్తేననీ మెకానిక్‌లందరికీ ఆర్డరు వెళ్లింది. అయితే ఆ పేరా తీసేయొచ్చుగా అన్నాడు సారు. అందరూ నొక్కుతున్నారని తెలిశాక తీద్దాం సార్ అన్నాను.

నేను ఇంటికి చేరేలోపే కబురు చేరింది. తలుపు తీసి, “రండి మేడమ్,” అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడిందే తక్కువ, మాట్లాడితే మీరు, తమరు. నేను ఎంతో మురిసిపోయి దాచుకున్న చిన్న మాటను అలా తిరగేసి నా మీదే పెట్టాడు. మెకానిక్‌లు అతని ఫోన్లు ఎత్తడం మానేశారు. పెళ్లాం చేత చాడీలు చెప్పించాడని అనుకుంటున్నారట. అందరికన్నా ముందు మేస్త్రి మానేశాడు, మా ఆయనకి గట్టిగా తగిలింది అదే. మా అత్తగారు ఫోన్ చేసి, మీ మామయ్య ఉద్యోగంలో ఏం చేసేవాడో నాకు ఈరోజుకీ తెలియదు, అందుకే కాపురం చల్లగా సాగింది అన్నారు. ఆవిడ తిట్టారో, బుజ్జగించారో నాకు అర్థం కాలేదు.

ఆదివారం వచ్చింది. ఏజెంటును నిజం లిఫ్టుల మీద పెట్టారు. అది చేసే ప్రతి పనీ నా ఫోన్‌లో వరుసగా కనపడుతుంది, తేడా వస్తే నేను చెప్పాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అతను కిటికీ దగ్గర పేపరు పట్టుకుని కూర్చున్నాడు కానీ పేజీ తిప్పడం లేదు. నేను పప్పుడబ్బా మూత తుడిచిందే తుడుస్తున్నాను.

ఫోన్‌లో కొత్త ఫిర్యాదు పడింది. పాత సినిమా హాలు వెనక అపార్టుమెంటు, లిఫ్టు రెండో అంతస్తులో ఆగి ఉంది, ఓ పెద్దావిడ కింద నిలబడిపోయింది. పని స్థితి: ఎవరూ లేరు. ఏజెంటు మేస్త్రికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

అప్పుడు మా బల్ల మీద మా ఆయన ఫోన్ మోగింది. ఆ ప్రాంతం మెకానిక్‌ల వరుసలో రెండో పేరు ఇంకా అతనిదే. స్పీకరు పెట్టాడు. కంపెనీ తరఫున మాట్లాడుతున్నాననీ, ఫలానా చోట లిఫ్టు ఆగి ఉందనీ చెప్పి, ఆ గొంతు అడిగింది: “దాని లోపల గానీ పైన గానీ కింద గానీ మీరు ఉన్నారా? దయచేసి నోటితో చెప్పండి.”

ఆ మాటలు ఎవరివో అతనికి తెలిసింది. ఇన్ని రోజుల తర్వాత నా కళ్లలోకి చూశాడు.

“నేను ఇంట్లో ఉన్నాను,” అన్నాడు దానితో. “మేస్త్రి ఉండొచ్చు. కదపకు.”

కదపనంది. అతను పేపరు పక్కన పెట్టి మేస్త్రికి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. తనంటే కోపంతో ఎత్తడం లేదో, ఎత్తలేని చోట ఉన్నాడో తెలియదు. బండి తాళాలు తీసుకున్నాడు. నేను అడగలేదు, అతను పిలవలేదు, వెనక ఎక్కి కూర్చున్నాను.

అక్కడ మెట్ల మీద సంచులతో నలుగురైదుగురు నిలబడి కంపెనీని దుమ్మెత్తిపోస్తున్నారు. ఒక పెద్దావిడ మొదటి మెట్టు మీదే చతికిలబడి, మూడంతస్తులు ఎక్కితే మళ్లీ దిగేది నలుగురి భుజాల మీదే నాయనా అంటోంది. కింది అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి ఉంది. లోపల పిట్‌లోంచి టార్చి వెలుగు వస్తోంది. మెట్ల కమ్మీకి మేస్త్రి చొక్కా వేలాడుతోంది, దాని జేబులో ఫోన్ మోగుతోంది.

మా ఆయన ఒక్క నిమిషం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తలుపు దగ్గర వంగి పిలిచాడు.

“ఏంట్రా అబ్బాయ్,” అన్నాడు మేస్త్రి, తల పైకెత్తకుండానే. “ఇంట్లో కూర్చోబెట్టినా కాలు నిలవట్లేదా?”

ఎర్ర మీట నొక్కి ఉందా అని అడిగాడు మా ఆయన. చప్పుడు వినాలిగా, ఇప్పుడే వదిలానన్నాడు మేస్త్రి. చొక్కా జేబులో ఆ ఫోన్ ప్రాణం తీస్తోంది, ఎవరో చూసి కట్టేయమన్నాడు.

మా ఆయన ఆ జేబులోంచి మేస్త్రి ఫోన్ బయటికి తీశాడు. ఏజెంటే. ఎత్తబోయి ఆగాడు. నాకు అప్పుడు తట్టింది. మేస్త్రి ‘వచ్చాను’ అని నొక్కలేదు. ఇప్పుడు ఎవరైనా ‘ఉన్నాడు’ అంటే అది అలాగే రికార్డవుతుంది. మూడో గుర్తు.

“ఎత్తకపోతే అది కదపదుగా?” అని నన్ను అడిగాడు, లోగొంతుకతో.

“కదపదు. కానీ అడగడం ఆపదు. వేరే మెకానిక్‌ని పంపిస్తుంది.”

“నువ్వు దాన్ని ఆపలేవా?”

ఆపగలను. నా ఫోన్‌లో ఒక బటన్ నొక్కితే ఈ ఫిర్యాదు చేయి మారుతుంది, ఇక్కడ ఎవరున్నారో ఎవరికీ తెలియదు. నేను ఆ బటన్ జోలికి పోకపోవడం చూసి అతనికి అర్థమైంది, ఆపగలననీ, ఆపననీ. ముఖం తిప్పుకున్నాడు.

మేస్త్రి అంతా వింటూనే ఉన్నాడు. నిచ్చెన రెండు మెట్లెక్కి, గుడ్డతో చేతులు తుడుచుకుని, ఏమంటుందిరా అది అన్నాడు. మా ఆయన సంగతంతా చెప్పాడు. నీలం గేటు, పచ్చ గుర్తు, నేను ఇంట్లో చూపించిన ఫోటో సమయం, అన్నీ. మేస్త్రి ఒకసారి తల వెనక్కి వాల్చి, పైన చీకట్లో ఆగి ఉన్న లిఫ్టు అడుగు భాగం చూశాడు. చాలాసేపు చూశాడు. మెట్ల దగ్గర పెద్దావిడ ఇంకెంతసేపు నాయనా అంటోంది.

“ఇటియ్యి,” అన్నాడు.

ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అవతల గొంతు తన ప్రశ్న అడిగినంతసేపూ, ఎవరో పెద్దమనిషి మాట్లాడుతున్నట్టు మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

“ఉన్నాను,” అన్నాడు. “కింద ఉన్నాను.”

ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ, రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. “మర్యాదగానే అడుగుతుంది కోడలు పిల్లా, నీ చెల్లెలు,” అని, నవ్వకుండా నిచ్చెన దిగిపోయాడు.

నా ఫోన్‌లో మేస్త్రి పేరు పక్కన మూడో ఎర్ర గుర్తు వచ్చి కూర్చుంది. మా ఆయన నా భుజం మీదుగా దాన్ని చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచి, పనికి రావద్దన్న మనిషి, మేస్త్రి వెనకే పిట్‌లోకి దిగాడు. కాసేపటికి ఎర్ర మీట నొక్కిన చప్పుడు వినపడింది.